రోజుకి లెక్క కట్టండి: పత్రికల సంపాదకులకు శ్రీకాకుళం ఫొటోగ్రాఫర్ బహిరంగ లేఖ

తెలుగు వార, మాస పత్రికల సంపాదకులకు, డెస్కులో ఫొటోలు ఎంచే మిత్రులకు,

నమస్కారం.

శ్రీకాకుళం నుంచి రాస్తున్నాను. ఇరవై రెండేళ్లుగా ఈ జిల్లాలోనూ, పక్కనున్న విజయనగరం జిల్లాలోనూ పత్రికలకు ఫొటోలు తీస్తున్నాను. ఎవరి దగ్గరా ఉద్యోగిని కాను. మీకు బొమ్మ కావలసినప్పుడు ఫోన్ చేస్తారు, నేను బండి తీస్తాను. మీ పేజీల్లో నాగావళి గట్టో, పలాస జీడితోటో, కళింగపట్నం దీపస్తంభమో కనిపించిందంటే అది నేను తీసిందే అయ్యుండొచ్చు. ముహూర్తాలున్న నెలల్లో పెళ్లిళ్లు తీసి ఇల్లు నడుపుకుంటాను, మిగతా ఏడాదంతా మీ పనే. ఈ పని మానేయమని ఇంట్లో చాలాసార్లు చెప్పారు. మానలేకపోయాను.

మిమ్మల్ని అడగదలచుకున్నది ఒకటే. అచ్చయిన ఫొటోకి ఇంత అని ఇచ్చే పద్ధతి మార్చండి. పనిచేసిన రోజుకి ఇంత అని లెక్క కట్టండి. ఫొటో వచ్చిన రోజుకైనా, రాని రోజుకైనా.

రాని రోజుకి డబ్బెందుకు అని మీకు అనిపించవచ్చు. అందుకే ఇంత పెద్ద లేఖ రాస్తున్నాను.

అరసవల్లి మీ అందరికీ తెలుసు. ఏటా మార్చిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి ఉదయపు కిరణాలు ఆలయంలోకి నేరుగా వచ్చి సూర్యనారాయణ స్వామి పాదాలను తాకుతాయి. ఉండేది కొద్ది నిమిషాలే. గర్భాలయంలో ఫొటోలు తీయకూడదు. అందుకని నాకు దొరికేది బయట నిలబడ్డ జనం ముఖాలే. ఒక అక్టోబరులో మీలో ఒకరు ఈ పని చెప్పారు. మొదటి రోజు మూడున్నరకి లేచి వెళ్లాను, మబ్బు. రెండో రోజూ మబ్బే. ఆ రోజు ఒక మామ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని, "రేపొత్తాడులేవే, ఎక్కడికెల్తాడు" అంటూ ఇంద్రపుష్కరిణి వైపు నడిచింది. ఇంటికెళ్లి పడుకున్నానన్నమాటే గాని మనసంతా ఆ మాట మీదే ఉంది. మూడో రోజు వెలుగొచ్చింది. అందరూ మెడలు చాచి లోపలికి చూస్తుంటే, మూడు రోజులు ఎదురుచూసిన ఆ మామ్మ మాత్రం సరిగ్గా ఆ క్షణాన కళ్లు మూసుకుంది. ఆ ముఖమే మీ పేజీలో అరపేజీ వచ్చింది. చాలామంది బాగుందన్నారు. డబ్బు ఒక ఫొటోకి వచ్చింది. ఆ రెండు మబ్బు పొద్దులు లేకపోతే ఆమె ఎవరో నాకు తెలిసేదే కాదు. అంతమంది జనంలో ఆమెనే ఎందుకు చూడాలో కూడా తెలిసేది కాదు.

విజయనగరం సిరిమాను ఉత్సవం సంగతీ అంతే. దసరా తర్వాత వచ్చే మంగళవారం మధ్యాహ్నం పైడితల్లమ్మ గుడి దగ్గర మీరు కెమెరా ఇచ్చి ఎవరిని నిలబెట్టినా ఒక బొమ్మ వస్తుంది. పొడవాటి చింతమాను కొసన పూజారి కూర్చుని ఉంటాడు, కింద లక్షల జనం. మూడు లాంతర్ల కూడలి దగ్గర మేడ మీద చోటు కోసం వారం ముందు నుంచే ఆ షాపు యజమానిని బతిమాలాలి, అది వేరే సంగతి. ఆ బొమ్మ అన్ని పత్రికల్లోనూ వస్తుంది. కానీ అమ్మవారు పూజారికి కలలో కనిపించి ఫలానా చోట ఉన్నాను అని చెప్పిందని ఆ చెట్టుని వెతికి, పూజ చేసి, తెచ్చి, వడ్రంగులు రోజుల తరబడి చెక్కుతారు కదా, అది ఏ పత్రికలో ఎన్నిసార్లు చూశారు? ముందు రోజు రాత్రి తొలేళ్ల ఉత్సవంలో రైతులు విత్తనాల కోసం చేతులు చాచడం ఎన్నిసార్లు వేశారు? నేను తీయలేదని కాదు. కొన్ని తీశాను, నా ఖర్చుతోనే తీశాను. మంగళవారం ఒక్కరోజుకి పిలిస్తే మంగళవారం బొమ్మే వస్తుంది.

పొందూరు గురించి కాస్త వివరంగా చెప్పాలి. నేను చెప్పేదంతా ఆ గదిలోనే ఉంది.

సన్న ఖద్దరు మీద ప్రత్యేక కథనం అన్నారు. డెస్కు నుంచి వచ్చిన మెసేజ్ ఇప్పటికీ ఫోన్‌లో ఉంది: "అన్నా, ఒక వర్టికల్, రెండు హారిజాంటల్. కవర్‌కి పైన పేరు పట్టే ఖాళీ ఉంచు. సాయంత్రం నాలుగులోపు." వెళ్లాను. నూలు వడికే ఒక పెద్దావిడ ఇంటికి తీసుకెళ్లారు. నన్ను చూడగానే ఆవిడ లేచి, చీర మార్చుకుని వచ్చి, రాట్నం ముందు నిటారుగా కూర్చుంది. కెమెరా వైపు చూసింది. గంటలో పని అయిపోయింది. నాలుగులోపు పంపేశాను. బొమ్మలు శుభ్రంగా ఉన్నాయి. వాటిలో పొందూరు లేదు.

రెండు రోజుల తర్వాత ఎవరూ అడగకుండానే మళ్లీ వెళ్లాను. ఈసారి పొద్దున్నే వెళ్లి ఒక మూల పీట వేసుకుని కూర్చున్నాను. బ్యాగు తెరవలేదు. పదకొండు ప్రాంతంలో ఆవిడ నన్ను మర్చిపోయింది. అప్పుడు మొదలైంది అసలు పని. కుడిచేతిలో వాలుగ చేప దవడ ఎముక. చాలా చిన్నది, పళ్లు మన దువ్వెన పళ్లకన్నా ఎంతో సన్నం, వరసగా దగ్గరగా ఉంటాయి. చిటికెడు చిటికెడు పత్తి తీసుకుని దానితో దువ్వుతుంది. నలుసు రాలిపోయి పీచు ఒకే దారికి వస్తుంది. చెవి దగ్గరగా పెడితే సన్నగా గీరిన చప్పుడు వినిపిస్తుంది. తర్వాత గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టి ఎండిన అరటి పట్టలో పెట్టుకోవడం. ఆ పట్ట నున్నగా ఉంటుంది కాబట్టి ఏకు చెదరదు. ఆ తర్వాతే ఒంటి కదురు రాట్నం. మధ్యాహ్నానికి ఆవిడ కనుబొమల మీద, ముంగురుల మీద పత్తి నూగు పట్టి తెల్లబడిపోయింది.

ఇదంతా కళ్ల ముందు జరుగుతోంది గాని తీయడం కుదరడం లేదు. ఫ్లాష్ వేస్తే పత్తి ఒక తెల్లటి ముద్ద అయిపోతుంది, పీచు కనిపించదు. వేయకపోతే గదిలో వెలుగు చాలదు. తలుపు లోంచి వచ్చే వెలుగు ఒక్కటే దిక్కు. షట్టర్ బాగా తగ్గించి, ఊపిరి బిగబట్టి, ఆవిడ చెయ్యి ఒక్క క్షణం ఆగినప్పుడే నొక్కాలి. అంతకన్నా పెద్ద చిక్కు నూలు పోగుది. వంద కౌంటు నూలు ఎంత సన్నం అంటే వెనక తెల్లగోడ ఉంటే కెమెరాకి అసలు కనపడదు. గోడ మీంచి ఎండ తప్పుకుని వెనకంతా నీడ పడితేగాని పోగు మెరవదు. ఆ నీడ ఆ గదిలో మధ్యాహ్నం మూడింటికి వచ్చింది. మూడూ పది నుంచి మూడున్నర దాకా, ఇరవై నిమిషాలు. ఆవిడ చెయ్యి పైకి వెళ్తుంటే వేళ్ల నుంచి కదురు దాకా వెలుగు గీత గీసినట్టు ఆ పోగు కనిపించింది.

నాలుగులోపు పంపాల్సిన మనిషికి ఆ ఇరవై నిమిషాలు ఎప్పటికీ దొరకవు.

ఆ బొమ్మ మీరే వేశారు, కవర్ మీద. మొదట పంపినవి పక్కన పెట్టి దీన్ని తీసుకున్నందుకు ఆ సంపాదకుడికి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. బయల్దేరేటప్పుడు ఆవిడ అడిగింది: "బాబూ, ఈ పుస్తకం నాకూ ఒకటిత్తావా?" ఇస్తాను మామ్మా అన్నాను.

ఇక తిత్లీ తుపాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. గాలి కాస్త తగ్గగానే శ్రీకాకుళం నుంచి బయల్దేరాను. మామూలుగా రెండు గంటల దారి. హైవే మీద చెట్లు కోస్తూ దారి చేస్తుంటే వెనకాల ఆగుతూ, బండి తోసుకుంటూ మధ్యాహ్నానికి చేరాను. వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరితోటలు చూసి నోట మాట రాలేదు. నడుముల దగ్గర విరిగి పడిపోయాయి. ఒక రైతు పడిన మాను మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చున్నాను. తన తండ్రి పాతిన చెట్లవి. మళ్లీ పాతితే కాయ చూడ్డానికి తాను ఉంటానో లేదో అన్నాడు. పేరు, ఊరు, తోట ఎంతో పుస్తకంలో రాసుకుని, అడిగి ఫొటో తీశాను. కరెంటు లేదు, సిగ్నల్ లేదు. ఒక పెళ్లిమండపం వాళ్ల జనరేటర్ దగ్గర బ్యాటరీ చార్జ్ చేసుకుని, సిగ్నల్ దొరికే దాకా వెనక్కి వచ్చి రోడ్డు పక్కన నిలబడి పంపాను. అప్పుడు సరిగ్గానే వేశారు, ఆయన పేరుతో.

రెండేళ్ల తర్వాత ఇంకో జిల్లాలో ఇంకో తుపాను వచ్చినప్పుడు ఒక పత్రికలో అదే బొమ్మ మళ్లీ వచ్చింది. కింద ఆ జిల్లా పేరు, ఆ తుపాను పేరు. నాకు తెలియదు. ఆ రైతు కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, మా నాన్న పోయి ఏడాదైనాది. ఈ పుస్తకంలో ఇంకెక్కడో ఉన్నట్టు రాసీసినారేటి?" అని అడిగాడు. కోపంగా కాదు, అర్థం కాక అడిగాడు. నేను ఏం చెప్పగలను? డెస్కుకి ఫోన్ చేస్తే ఫైల్లో తుపాను అన్న పేరుతోనే ఉంది, తీసి వేశాం అన్నారు. సవరణ వేయమని అడిగాను, రాలేదు. ఆ కుర్రాడితో తర్వాత మాట్లాడాలంటే నాకు ముఖం చెల్లలేదు.

అది ఒక్క సబ్ ఎడిటర్ చేసిన తప్పు అని నేను అనుకోవడం లేదు. కొత్త ఫొటోకి డబ్బివ్వాలి, పాత ఫొటో ఊరికే వస్తుంది. ఫొటోని సరుకులా లెక్కపెట్టినంత కాలం గోడౌన్లో ఉన్నది తీసి వాడాలనే అనిపిస్తుంది. ఆ ఫొటో వెనక ఒక రోజు ఉంది, ఆ రోజుకి తేదీ ఉంది, ఊరుంది, మనిషి పేరుంది. దయచేసి పాత బొమ్మ వేసేటప్పుడు కనీసం ఏడాది, ఊరు వేయండి. రోజుకి లెక్క కడితే ఆ వివరాలు రాసి ఇవ్వడం కూడా మా పనిలో భాగం అవుతుంది. డెస్కు అడిగే హక్కు ఉంటుంది, మేము ఇవ్వక తప్పదు.

ఉద్దానం గురించి రాయకుండా ఈ లేఖ ముగించలేను. మీ దగ్గర నుంచి మా జిల్లాకి ఎక్కువగా వచ్చే ఫోన్ ఇదే: "కిడ్నీ బొమ్మ కావాలి." కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, ఇంకా చుట్టుపక్కల మండలాల్లో ఇన్నేళ్లుగా మూత్రపిండాల జబ్బు మనుషుల్ని తీసుకుపోతోంది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో తెచ్చారు. ఇవన్నీ వార్తలే, బొమ్మలు కావాలి, కాదనను. కానీ మీరు అడిగేది ఎప్పుడూ మంచం, ట్యూబు, కన్నీళ్లు.

కవిటి మండలంలో ఒక ఇంటికి వెళ్తే, భర్త డయాలసిస్ మీద ఉన్న ఒకావిడ గుమ్మంలోనే అడిగింది: "ఎన్నిసార్లు తీత్తారు బాబూ? తీసి ఎల్లిపోతారు, మాకేటి చెప్పరు." కెమెరా బ్యాగులో పెట్టేశాను. అరుగు మీద కూర్చున్నాను. మంచినీళ్లు ఇచ్చింది. సాయంత్రం దాకా ఏవేవో మాట్లాడింది, పిల్లాడి చదువు, కొబ్బరి రేటు, వారంలో ఆసుపత్రికి పోయే రోజులు. ఆ రోజు ఒక్క ఫొటో తీయలేదు. డెస్కుకి ఏమీ లేదని చెప్పాను. ఇంకొకరిని పంపితే బాగుండేదేమో అన్నారు.

మూడు వారాల తర్వాత మళ్లీ వెళ్తే ఆవిడే తోటలోకి తీసుకెళ్లింది. ఉద్దానం అంటేనే ఉద్యానం. కొబ్బరి, జీడి, పనస, మునగ, ఎటు చూసినా పచ్చదనం. భర్త ఒంట్లో బాగున్నప్పుడు పాతిన పనస చెట్టుకి మొదటిసారి కాయ పడిందని చూపించింది. ఆయన నెమ్మదిగా వెనకాలే వచ్చి, డయాలసిస్ సూది గుచ్చే ఫిస్టులా ఉన్న చేత్తో ఆ కాయని తట్టి చూశాడు. పండిందా లేదా అని మనం తట్టి చూస్తాం కదా, అలాగే. ఆ చెయ్యి, ఆ కాయ, వెనక ఆవిడ ముఖం. నాకు తెలిసి ఉద్దానం మీద నేను తీసిన మంచి బొమ్మ అదొక్కటే.

మొదట వెళ్లి ఏమీ తీయకుండా వచ్చిన రోజు నేను పని చేయలేదా? నా ఇరవై రెండేళ్లలో బాగా పని చేసిన రోజుల్లో అది ఒకటి అని నమ్ముతున్నాను. ఆ రోజుకి మీ లెక్కలో సున్నా. నాలాంటివాడికి సున్నా అంటే పెట్రోలు చేతినుంచి పోవడం. పెట్రోలు పోతుందన్న టెన్షన్‌లో ఉన్నవాడు గుమ్మంలో ఆవిడ ఎన్నిసార్లు అని అడిగినా వినిపించుకోడు, చాటుగానైనా ఒకటి నొక్కి వస్తాడు. తప్పు వాడిదే, కాదనను. కానీ ఆ తొందర మీ లెక్క నుంచి కూడా వస్తోంది. మనుషులు వద్దన్నప్పుడు ఆగిపోయే ఫొటోగ్రాఫర్ మీకు కావాలంటే ఆగిపోయిన రోజుకి కూలి ఇవ్వాలి.

చట్టం సంగతి నాలుగు మాటలు. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం నిర్వచనంలోనే న్యూస్ ఫొటోగ్రాఫర్ అన్న మాట ఉండేది. అప్పటికే మమ్మల్ని పాత్రికేయుల్లో లెక్కేశారు. ఉద్యోగం లేని నాలాంటివాళ్లకి అది అందలేదు, నిజమే. 1957 కాపీరైట్ చట్టం ఫొటో తీసినవాడే దాని కర్త అంటుంది. హక్కులు మీకు రాసిచ్చినా, తీసింది నేనే అని చెప్పుకునే హక్కు నాకు ఉంటుంది. అలాంటప్పుడు "ఫొటో: సేకరణ" అని వేయడం న్యాయం కాదు. పేరుకి పట్టే చోటు ఒక అంగుళం కూడా ఉండదు.

ప్రమాదం మాట కూడా చెప్పాలి. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసు కాల్పులు జరిగిన జిల్లా మాది. రాసేవాళ్లు తర్వాత వచ్చి నలుగురిని అడిగి రాయగలరు. ఫొటో తీసేవాడు మాత్రం అది జరుగుతున్నప్పుడు అక్కడే నిలబడాలి. మాకు దెబ్బ తగిలితే చూసుకునేవాళ్లెవరో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. రోజు లెక్కలో ఆ రోజు వరకైనా ప్రమాద బీమా కలపండి.

మీ కష్టాలు నాకు తెలియనివి కావు. కాగితం ధర పెరిగింది, ప్రకటనలు తగ్గాయి. 2020లో కరోనా వచ్చాక ఎన్నో ఏళ్ల చరిత్ర ఉన్న వారపత్రికలు అచ్చు ఆపేశాయి. ఒకప్పుడు మా ఫిల్మ్ రోలు కవర్లో పెట్టి, పైన పత్రిక పేరు రాసి, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో విశాఖ బస్సు కండక్టర్ చేతికిస్తే రాత్రికల్లా చేరిపోయేది. ముప్పై ఆరు బొమ్మల్లో ఏది బాగా వచ్చిందో నేను చూసుకోకుండానే వెళ్లిపోయేవి. అప్పుడు కూడా మీరు నన్ను నమ్మారు. అదనంగా డబ్బు తెమ్మని అడగడం లేదు. ఏడాదికి నాకు ఎనిమిది పనులు చెప్తున్నారనుకోండి, నాలుగే చెప్పండి. ఆ ఎనిమిదింటి డబ్బు ఈ నాలుగింటికి, రోజుల లెక్కన ఇవ్వండి. తేలినీలాపురంలో పక్షులు దిగే కాలంలో చింతచెట్ల కింద ఒక్క పూట కాదు, నాలుగు పొద్దులు ఉండనివ్వండి. ఆ ఊరివాళ్లు ఆ కొంగల్ని ఇంటి ఆడపిల్లల్లా ఎలా చూసుకుంటారో అప్పుడు మీ పాఠకులకి కనిపిస్తుంది. పేజీలు తగ్గినా పర్వాలేదు.

ఇంకొక చిన్న విన్నపం. బొమ్మలో ఉన్న మనిషికి సంచిక ఒకటి చేరేలా చూడండి. పొందూరు కవర్ వచ్చిన నెలలో నాకు ఒక్క కాపీ పంపారు. అది తీసుకెళ్లి మామ్మ చేతిలో పెట్టాను. ఆవిడ కవర్ చూసి, తన ముఖం కన్నా ముందు చేతిలోని పోగుని వేలితో తడిమి, కనపడుతోందే అంది. ఈ మధ్య ఆవిడ మనవరాలు ఫోన్ చేసింది. ఆ పుస్తకం చుట్టుపక్కల ఇళ్లు తిరిగి తిరిగి నలిగిపోయిందట, ఇంకొకటి దొరుకుతుందా అని అడిగింది. అరసవల్లి మామ్మ ఏ ఊరో అడిగి రాసుకున్నాను, ఆవిడకి ఇంకా ఏమీ ఇవ్వలేదు. కవిటి వాళ్లకీ ఇవ్వాలి. పాత కాపీలు మీ ఆఫీసులో ఉంటే నాలుగు పంపండి. చిరునామా డెస్కులో ఉంది. పొందూరు, కవిటి నేనే వెళ్లి ఇచ్చి వస్తాను.

ఇట్లు,
మీ శ్రీకాకుళం ఫొటోగ్రాఫర్